మా కోళ్లకు గురక జబ్బు: అయిదు రోజుల మందు, నలభై రోజుల తిప్పలు

నవంబర్ 20, గురువారం తెల్లవారుజామున మా పుంజు కూసింది గానీ అది కూతలా లేదు. ‘కొక్కొరో’ దాకా బాగానే వచ్చి, చివర్లో ఎండిపోయిన గిలకలాగా గర్ర్‌మని ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది. ‘చలికి గొంతు పట్టేసినట్టుంది’ అన్నాడు మా ఆయన దుప్పట్లోంచే. అది జబ్బుకు మొదటి గుర్తని మాకిద్దరికీ తెలీదు. ఆ రోజే కాస్త పట్టించుకునివుంటే మూడు కోళ్లు బతికేవేమో.

మాది అనంతపురం జిల్లా పామిడి దగ్గర పల్లె. ఇంట్లో మిషన్ పెట్టుకుని పామిడి షాపుకు నైటీలు కుడతాను. గుడ్ల డబ్బు నా చేతి ఖర్చుకు. అప్పటికి మాకు ఒక పుంజు, తొమ్మిది పెట్టలు, ఎదిగొచ్చిన మూడు పెట్టపిల్లలు, ఒక తల్లి వెంట తిరిగే ఎనిమిది చిన్న పిల్లలు ఉన్నాయి. నవంబర్ 9, ఆదివారం సంతలో ఇంకో రెండు ఎర్ర పెట్టలను 900 రూపాయలకు తెచ్చాను. నిగనిగలాడుతున్నాయి, కళ్లు చురుగ్గా ఉన్నాయి. ఇంటికి తెచ్చి కాళ్ల తాడు విప్పి నేరుగా మందలో వదిలేశాను. ఎప్పుడూ అట్లే చేస్తాం కదా.

22వ తేదీకి నాలుగు కోళ్లు తుమ్ముతున్నాయి. కోడి తుమ్ము పెద్దగా వినపడదు, తల విదిలించి ‘చిక్’మంటుంది, అంతే. రాత్రి దీపం ఆర్పేశాక గూటి దగ్గర నిలబడితే తెలిసింది అసలు సంగతి. లోపలంతా గురగురమంటోంది. అన్నం ఉడుకుతున్నట్టు సన్నగా, ఆగకుండా. 24వ తేదీ పొద్దున నల్లపెట్ట ఒక కన్ను సగం మూసుకుని కనిపించింది. పట్టుకుని చూస్తే కంటి మూలలో నురుగు, సబ్బు బుడగల్లాగా చిన్న చిన్నవి. ముక్కు రంధ్రాల చుట్టూ నూకల దుమ్ము అంటుకుని గట్టిపడింది.

మా అత్త మొదట వైద్యం మొదలుపెట్టింది. వెల్లుల్లి, మిరియాలు, పసుపు నూరి ఉండలు చేసి మింగించింది. దాంతో నాకేం పేచీ లేదు. సాయంత్రం గూటి ముందు నిప్పుల మీద వేపాకు, వెల్లుల్లి పొట్టు వేసి పొగ పెట్టింది. పైగా చలికి టార్పాలిన్ కప్పి ఉంది. ఊపిరాడని వాటికి పొగ పట్టించాం. తర్వాత డాక్టర్ సార్ అడిగినప్పుడు ఆ పొగ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అత్తే చెప్పింది, గొప్పగా.

నేను చేసింది అంతకంటే తెలివైన పనేం కాదు. 24వ తేదీ సాయంత్రం మందుల షాపుకు పోయి కోళ్లకు జలుబు చేసిందన్నాను. మనుషులకిచ్చే అమాక్సిసిలిన్ క్యాప్సూల్స్ ఒక అట్ట ఇచ్చారు, 90 రూపాయలు. విప్పి పొడి నీళ్లలో కలపమన్నారు. ఎన్ని నీళ్లకు ఎంత అంటే ‘ఒకటి రెండు వేయమ్మా’ అన్నారు. రెండు రోజులు పోశాను. మర్నాడు కొంచెం తగ్గినట్టే అనిపించింది. ఆ మర్నాడు ముందుకంటే ఎక్కువైంది.

27వ తేదీ, గురువారం గూడు తెరిస్తే నల్లపెట్ట కాళ్లు చాపుకుని పడుంది. నాలుగేళ్ల పెట్ట. దాని పొదుగులో ఎన్ని పిల్లలు లేచాయో లెక్క లేదు. ఏడుపొచ్చింది గానీ కోడికి ఏడిస్తే ఊళ్లో నవ్వుతారని పెరట్లోకి పోయి నిలబడ్డాను. అంతలో మా అత్త పక్కింటి పిల్లోణ్ని పిలిచి వంకలో పారేసి రమ్మని చెప్తోంది. ఇంకో మాట కూడా అంది:

‘ఏమ్మే, మిగతావి చిక్కిపోకముందే రెండు కోసేద్దాం. రేపు నీ ఆడబిడ్డ వస్తాది కదా.’

‘జబ్బు కోళ్లను వాళ్లకు పెడతామా అత్తా?’

‘ఉడికితే జబ్బు యాడుంటాది?’

మా ఊళ్లో అందరూ చేసే పనే అది. కోడి తూగితే చాలు, కత్తి పదును పెడతారు. ఎదురింటి అక్క మాత్రం గోడ అవతల నుంచే మాట్లాడుతోంది, మా ఇంట్లో అడుగు పెట్టలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు టీవీలో చూసింది మరి. ఆ భయం నాకూ ఉంది. అందుకే చచ్చిన కోడిని పారేయనివ్వలేదు. నైటీలు ప్యాక్ చేసే ప్లాస్టిక్ కవర్లో వేసి, తుమ్ముతున్న పెట్టపిల్లను ఒకదాన్ని బుట్టలో పెట్టుకుని, అత్తను వెంటబెట్టుకుని ఆటోలో పశువుల ఆస్పత్రికి పోయాను.

పదిన్నరకు చేరితే డాక్టర్ సార్ వేరే ఊరికి పోయారన్నారు. కాంపౌండర్ కవర్లోకి తొంగి చూసి ‘ఎండలో పెట్టుకోవద్దమ్మా, కుళ్లితే కోసి చూసినా ఏం తెలీదు’ అన్నాడు. రోడ్డు మీద పది రూపాయల ఐసు కొని కవరు చుట్టూ పెట్టాను. గడ్డ కట్టేట్టు ఫ్రిజ్‌లో పెట్టకూడదంట, చల్లగా ఉంటే చాలంట. వేపచెట్టు కింద గేదెలు, మేకల మధ్య చచ్చిన కోడిని ఒళ్లో పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఒక మేకలాయన చూసి ‘దానికింకేం వైద్యం తల్లీ’ అన్నాడు.

పన్నెండు నలభైకి సార్ వచ్చారు. ముందు ప్రశ్నలే. మెడ మెలితిరుగుతోందా? ఆకుపచ్చగా విరేచనాలు అవుతున్నాయా? అంటే కొక్కెర తెగులు (రానిఖేత్ జబ్బు) కాదు కదా అని. లేవన్నాను. ఒక్క రోజులో అన్నీ పడిపోతున్నాయా అన్నారు. వారంలో ఒకటే పోయింది. ‘బర్డ్‌ఫ్లూ అయితే ఇన్ని రోజులు కూర్చుని తుమ్మవమ్మా, గుంపుకు గుంపు పోతాయి. అట్లా పోతే మాత్రం ఒక్కటి కూడా చేత్తో ముట్టకుండా ఫోన్ చేయాలి’ అన్నారు. తర్వాత అడిగింది, ఈ నెలలో కొత్త కోళ్లు తెచ్చారా అని.

‘తెచ్చాను సార్. కానీ అవి రెండూ బాగున్నాయి. వాటికే ఏం లేదు.’

‘అవే తెచ్చుంటాయి’ అన్నారు. ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గిన కోడి పైకి శుభ్రంగా ఉంటుందంట, లోపల పురుగు, అంటే కంటికి కనపడని క్రిమి, ఉంటూనే ఉంటుందంట. కొత్త మందలో కలిసిన వారం నుంచి మూడు వారాల్లోపు బయటపడుతుందంట. నేను వేళ్ల మీద లెక్కేశాను. 9 నుంచి 20కి పదకొండు రోజులు.

వెనక వసారాలో కోసి చూపించారు. చూడలేననుకున్నాను గానీ చూశాను. కోడి లోపల ఊపిరితిత్తులే కాకుండా గాలి సంచులు ఉంటాయంట, అవి మామూలుగా కవరు కాగితంలాగా పల్చగా, అవతలిది కనపడేట్టు ఉండాలి. నల్లపెట్టవి మబ్బు పట్టినట్టున్నాయి, మీద విరిగిన పాల ముక్కల్లాగా పసుపుపచ్చటి ముద్దలు. కాలేయం మీద తెల్లటి పొర. సి.ఆర్.డి. అన్నారు, అంటే వదలకుండా పట్టుకునే ఊపిరి జబ్బు. మైకోప్లాస్మా అనే పురుగు మొదలుపెడితే, మీద ఈ-కోలి అనే ఇంకో పురుగు వచ్చి చేరి చంపేసిందంట.

క్యాప్సూల్స్ అట్ట తీసి చూపించాను. దానికి ఆయన చెప్పిన మాట నేను మర్చిపోలేను. ‘ఈ మందు పురుగు చుట్టూ ఉండే గోడను పగలగొట్టి చంపుతుంది. మైకోప్లాస్మాకు ఆ గోడే ఉండదమ్మా. నువ్వు ఏం పగలగొడతావు?’

చీటీలో టైలోసిన్ పొడి రాశారు. లీటరు నీళ్లకు అర గ్రాము, అయిదు రోజులు. మధ్యలో ఆపకూడదు, తగ్గినా సరే. మందు నడిచినన్ని రోజులూ, ఆపాక ఇంకో వారమూ గుడ్లు తినకూడదు, అమ్మకూడదు, కోడిని కోయకూడదు. ఆ మాట మా అత్తకేసి చూసి చెప్పారు. ఆస్పత్రిలో ఆ రోజు మందు లేదు, బయట కొనుక్కోమన్నారు.

దగ్గర్లో దొరకలేదు. 28వ తేదీ, శుక్రవారం పొద్దున బస్సెక్కి అనంతపురం పోయాను. వెటర్నరీ మందుల షాపులో నన్ను ‘ఎన్ని వేల కోళ్లమ్మా’ అని అడిగారు. పద్నాలుగు అన్నాను. షాపాయన నవ్వలేదు, పాపం, కానీ వెనకున్న కుర్రాడు నవ్వాడు. అక్కడ మందులన్నీ ఫారం షెడ్ల లెక్కన వస్తాయి. అన్నిటికంటే చిన్న డబ్బా వంద గ్రాములు, 560 రూపాయలు. నాకు కావలసింది ఎనిమిది గ్రాములు కూడా కాదు. విడిగా అమ్మరు. వేరే దారి లేదు, కొన్నాను.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. పద్నాలుగు కోళ్లు రోజుకు మూడు లీటర్ల దాకా తాగుతాయని సార్ చెప్పారు. అంటే పూటకో చెంచా కాదు, రోజుకు ఒకటిన్నర గ్రాము. దాన్ని ఎట్లా కొలవాలి? వంటింటి కాటా వంద గ్రాముల లోపు కదలదు. చెంచాతో వేస్తే ఎక్కువైనా తక్కువైనా తెలీదు. చివరికి మా వీధి చివర బంగారు పని చేసే ఆచారి అన్న దగ్గరికి పోయాను. ముక్కుపుడకలు తూచే కాటా ఉంది కదా.

‘కోళ్ల మందా?’ అని కాటా పక్కకు జరుపుకున్నాడు. జబ్బు మనుషులకు అంటుకోదని సార్ చెప్పిన మాట చెప్తే ఒప్పుకున్నాడు. ముందొక కాగితం పెట్టి కాటా సున్నాకు తెచ్చి, చిన్న చిమటాతో చిటికెడు చిటికెడు పొడి దులుపుతూ, 1.50 దగ్గర ఊపిరి బిగబట్టి ఆపాడు. అట్లా అయిదు పొట్లాలు. కమ్మలు, ఉంగరాలు చుట్టే గులాబీ రంగు కాగితంలోనే చుట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ‘ఎప్పుడైనా గుడ్లియ్యి’ అన్నాడు. ‘ఇప్పుడు కాదులే అన్నా, రెండు వారాలాగు’ అన్నాను.

29, శనివారం పొద్దున మొదటి పొట్లం కలిపాను. మందు వేయడం తేలికే, తాగించడమే కష్టం. పెరటి కోళ్లు ఒక గిన్నెలో తాగవు. గిన్నెలు తోమేచోట, బోరింగు కాలవలో, గేదె తొట్టి కింద, ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ ముక్కు పెడతాయి. మందు నీళ్లు చేదు. ఒకసారి ముక్కు ముంచి, తల విదిలించి, కాలవ దగ్గరికి పరుగు. పది గంటలకు చూస్తే గిన్నె నిండుగా అట్లే ఉంది. అప్పుడు మిషన్ పని పక్కన పెట్టి, 650 రూపాయల జాలీ తెప్పించి, పెరట్లో మూల కట్టి అన్నిటినీ అందులో వేశాం. కాంపౌండర్‌కు ఫోన్ చేస్తే నీళ్లలో కొంచెం చక్కెర వేసి చూడమన్నాడు. సాయంత్రానికి రెండు లీటర్లు అయ్యాయి. మిగిలినవి పారబోసి, మర్నాడు పొద్దున మళ్లీ కొత్తగా కలపాలి, నిలవ నీళ్లు పనికిరావు. ప్లాస్టిక్ తొట్టెలు రెండు, ఒక్కోటి 70 రూపాయలు.

గూటిలో పరిచిన శెనక్కాయ పొట్టు తడిసి బూజు పట్టి ఉంది. ఆ బూజు కూడా ఊపిరికి చేటేనని సార్ అన్నారు. అంతా ఎత్తి పారేసి, ఎండబెట్టిన పొట్టు పరిచాం. టార్పాలిన్ గాలి కొట్టే వైపు మాత్రమే కట్టి, మిగతా వైపులు తెరిచేశాం. ఆ రాత్రి గూటి దగ్గర ముక్కు పగిలే కంపు లేదు. అంతకుముందు కంపు ఉందని కూడా మాకు తెలీదు, అలవాటైపోయి.

30వ తేదీ జరిగింది రాయాలా వద్దా అనుకున్నాను. ఆస్పత్రికి తీసుకుపోయిన పెట్టపిల్ల నీళ్ల దగ్గరికే రావట్లేదు. సిరంజీలో మందు నీళ్లు తీసుకుని, నోరు తెరిచి లోపలికి ఒత్తాను. నైటీల ఆర్డర్ తొందర, అవతల పొయ్యి మీద పాలు. గట్టిగా ఒత్తాను. అది ఒక్కసారి మెడ నిక్కబొడుచుకుని, నోరు తెరుచుకుని, రెక్కలు కొట్టుకుని నా చేతుల్లోనే పోయింది. కోడి నాలుక వెనకే గాలి గొట్టం బెజ్జం ఉంటుందని నాకు తర్వాత చెప్పారు. ముక్కు పక్క నుంచి ఒక్కో చుక్క వేసి, మింగిందాకా ఆగి ఇంకో చుక్క వేయాలంట. జబ్బు చంపలేదు దాన్ని. ఇంట్లో అందరికీ రోగంతో పోయిందనే చెప్పాను.

డిసెంబర్ 1న ఇంకో పెట్ట పోయింది. అదే రోజు, ఆ మర్నాడు కలిపి చిన్నపిల్లలు మూడు. మూడో రోజు మందు నడుస్తున్నా చచ్చిపోతుంటే మా ఆయన ‘ఇక ఆపేయ్, 560 పోతే పోయింది’ అన్నాడు. టెన్షన్‌తో సార్‌కు ఫోన్ చేశాను. ముందే లోపల చెడిపోయినవి పోతాయి, కొత్తగా ఎన్ని తుమ్ముతున్నాయో అది చూడు అన్నారు. చూశాను. కొత్తగా ఒక్కటీ లేదు.

నాలుగో రోజు రాత్రి గూటి దగ్గర నిలబడితే గురక సగానికి తగ్గింది. అయిదో రోజు కళ్లలో నురుగు లేదు. పెట్టలు జాలీ లోపల కాళ్లతో మట్టి చెరుగుతున్నాయి. డిసెంబర్ 3న చివరి గులాబీ పొట్లం విప్పాను. 6వ తేదీకి తుమ్ములు పూర్తిగా ఆగాయి.

గుడ్ల సంగతి మాత్రం మనసుకు కష్టంగా ఉండింది. రోజుకు అయిదు పెట్టేవి, జబ్బులో ఒకటి రెండుకు పడ్డాయి. డిసెంబర్ 10 దాకా పెట్టిన పంతొమ్మిది గుడ్లు గుంత తీసి పూడ్చాను. ఒక్కోటి పదిహేను రూపాయల గుడ్డు. మా చిన్నోడు గుంత పక్కన కూర్చుని ‘ఒక్కటి ఆమ్లెట్ మా’ అని అడిగాడు. మా అత్తకు అది అసలు మింగుడుపడలేదు. మనుషులకిచ్చే మందులకంటే ఇదేమన్నా విషమా అంది. మందు గుడ్డులోకి దిగుతుంది, కొంచెం కొంచెంగా పిల్లోడి ఒంట్లోకి పోతే రేపు వాడికి జబ్బు చేసినప్పుడు మందులు పనిచేయవు అన్నాను. సార్ చెప్పిందే. అప్పుడు ఊరుకుంది. అయినా రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

డబ్బాలో ఇంకా తొంభై గ్రాములకు పైగా పొడి ఉంది. అది ఉందని వీధంతా తెలిసింది. ముగ్గురు గిన్నెలు పట్టుకుని వచ్చారు, ‘ఒక చెంచా ఇయ్యి, మావీ తుమ్ముతాండాయి’ అని. వాటికొచ్చింది ఇదే జబ్బో కాదో చూపించుకోండి అని పంపాను. పిసినారి అన్నారంట.

డిసెంబర్ 24న, జబ్బు తగ్గి మూడు వారాలు కావస్తుంటే కొక్కెర తెగులు టీకా వేయించాం. జబ్బుగా ఉన్నప్పుడు వేయకూడదు కాబట్టి అన్నాళ్లు ఆగాం. లసోటా అనే ఆ టీకా సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక ఐసులో పెట్టుకుని వెంటనే అయిపోగొట్టాలి. మా దగ్గర ఉన్నవి పన్నెండు పెద్దవి, అయిదు పిల్లలు. కాబట్టి వీధి వీధంతా తిరిగి గంపల కింద కోళ్లను పట్టించి ఎనభై ఏడు చేశాం. కంట్లో ఒక్కో చుక్క. నన్ను పిసినారి అన్న ఇంట్లోనే పద్దెనిమిది ఉన్నాయి.

రెండు రోజులకు మావాటిలో రెండు మళ్లీ తుమ్మాయి. నా గుండె జారిపోయింది. మా అత్త అప్పటికే అటక మీది డబ్బా దించి మూత తీస్తోంది. చెంచా చేతిలో ఉంది. నేను డబ్బా లాక్కుని ఫోన్ చేశాను. టీకా చుక్కలకు రెండు మూడు రోజులు అట్లా తుమ్ముతాయి, మందు జోలికి పోవద్దు అన్నారు. మూడో రోజుకు తగ్గింది. డబ్బా ఇప్పుడు నా బీరువాలో, చీరల కింద ఉంది.

పుంజు గొంతు మాత్రం పూర్తిగా రాలేదు. పండగ ముందు కదా, ఒకాయన వచ్చి 2,500 ఇస్తానన్నాడు, కూత విని 1,800కు దిగాడు. పెంచుకోవడానికైతే ఇవ్వనన్నాను. ఎందుకంటే మందు జబ్బును అణిచింది గానీ పురుగు మిగిలిన వాటన్నిటిలోనూ ఉందంట. ఇవి ఉన్నన్నాళ్లూ ఇంకో కోడిని ఈ మందలోకి తేలేను, దీంట్లోంచి ఒకదాన్ని వేరే మందలోకి పంపలేను. గుడ్డు ద్వారా కూడా పిల్లకు పోతుందంట, కాబట్టి పొదగేయలేను. తినడానికి మాత్రం భయం లేదు.

28వ తేదీ, ఆదివారం ఎదురింటి అక్క వచ్చింది, ఇప్పుడు లోపలికే వచ్చింది. వాళ్ల పెట్ట పొదుగుకు కూర్చుందంట, పది గుడ్లు కావాలి. ప్రతి ఏడూ నేనే ఇస్తాను.

‘కూరకైతే తీసుకో అక్కా, పొదగేయొద్దు’ అని మొత్తం చెప్పాను.

‘ఇయ్యనంటే ఇయ్యనని చెప్పు, ఇంత కథ ఎందుకు’ అంది.

పది గుడ్లు చేతిలో పెట్టాను, డబ్బులు తీసుకోలేదు. కూరకే సుమా అని మళ్లీ అన్నాను. సరేలే అంది. మర్నాడు బిందె తీసుకుని వాళ్లింటి ముందు నుంచి పోతుంటే, వసారాలో గంప కొంచెం ఎత్తి పెట్టి ఉంది. కింద పెట్ట ఒళ్లంతా పరుచుకుని, కదలకుండా కూర్చునుంది.